రెండు పెన్నీల పందెం

బ్రిటన్ బీచ్ ఆర్కేడ్లలో పిల్లలు ఆడే మిషన్లు కొన్ని చట్టం లెక్కలో జూదమే. ఆటకీ జూదానికీ మధ్య గీత ఎక్కడ గీయాలన్నది అక్కడ ఇరవై ఏళ్ళుగా నలుగుతున్న పంచాయితీ. ఆ గీత కాస్త అటూ ఇటూ అయితే పిల్లాపాపలతో వెళ్ళే చోట్లు మూతపడతాయి, లేదంటే జూదశాలలైపోతాయి. మన మాల్స్‌లో గేమ్ జోన్లు పెరుగుతున్న ఈ రోజుల్లో ఆ కథ మనకీ పనికొచ్చేదే.

బ్లాక్‌పూల్‌లో మూడు పియర్లున్నాయి. సముద్రంలోకి చొచ్చుకుపోయిన ఆ పొడవాటి కట్టడాల మీదా, వాటికెదురుగా రోడ్డు పొడుగునా ఆర్కేడ్లే. దేంట్లోకి అడుగుపెట్టినా ముందుగా చెవినపడేది చిల్లర చప్పుడు. ప్లాస్టిక్ కప్పుల్లో రాగిరంగు రెండు పెన్నీల నాణేలు నింపుకుని, ఆరేళ్ళ పిల్లల దగ్గర్నుంచి డెబ్భై ఏళ్ళ నాయనమ్మల దాకా గాజు పెట్టెల ముందు నిలబడి ఉంటారు. పెట్టెలో రెండు అరలు. పై అర ముందుకీ వెనక్కీ జరుగుతూ ఉంటుంది. అదను చూసి నాణెం వదిలితే అది పై అర మీద పడి ముందున్నవాటిని నెడుతుంది. అవి కింద పడి అక్కడి గుట్టను నెడతాయి. అంచున వేలాడుతున్న నాలుగు నాణేలు గలగలమంటూ తొట్టిలోకి రాలతాయి. లేదా రాలవు. ‘ఇంకొక్కటి వేస్తే పడిపోయేలా ఉందే’ అని ప్రతిసారీ అనిపించడంలోనే ఉంది దాని మహత్తంతా. రాలినవన్నీ మన తొట్టిలోకే రావు. అరకి రెండు పక్కలా చిన్న సందులుంటాయి. వాటిలో పడినవి యజమానివి. ఆ సందుల్లోనే ఉంది వ్యాపారం.

దీన్ని అక్కడ పెన్నీ ఫాల్స్ అంటారు, కాయిన్ పుషర్ అనీ అంటారు. మాంచెస్టర్ వైపు ఉండే తెలుగు కుటుంబాలకు బ్లాక్‌పూల్, లండన్ చుట్టుపక్కలవాళ్ళకి సౌత్‌ఎండ్, బ్రైటన్ పొద్దున వెళ్ళి రాత్రికి వచ్చేయగల ప్రయాణాలు. పులిహోర డబ్బాలు సర్దుకుని వెళ్ళిన ఆ పిల్లలు కూడా ఈ పెట్టెల దగ్గర కాసేపు ఆగకుండా రారు. చాలామంది తల్లిదండ్రులకి తెలియని సంగతేమిటంటే, బ్రిటిష్ చట్టం దృష్టిలో అది బొమ్మ కాదు. పిల్లలకి అనుమతి ఉన్న జూదం మిషన్. దానికి కనీస వయసంటూ లేదు.

ఎ నుంచి డి దాకా

బ్రిటన్ పార్లమెంటు 2005లో గ్యాంబ్లింగ్ చట్టం చేసింది. 2007 సెప్టెంబరు 1 నుంచి అది పూర్తిగా అమల్లోకి వచ్చింది. ఇంగ్లండ్, వేల్స్, స్కాట్లండ్‌లకి ఇదే వర్తిస్తుంది. ఉత్తర ఐర్లండ్ దారి వేరు. జూదం మిషన్లన్నిటినీ ఈ చట్టం ఎ, బి, సి, డి అని తరగతులుగా విడదీసింది. ఒక్కో తరగతికి ఒక్క ఆటకి ఎంత పెట్టొచ్చో, గెలిస్తే ఎంత రావచ్చో, ఆ మిషన్ ఎక్కడెక్కడ ఉండొచ్చో నియమాల్లో రాసిపెట్టారు.

వీటిలో ఎ తరగతి విచిత్రమైనది. దానికి పందెం పరిమితి లేదు, బహుమతి పరిమితీ లేదు. అలాంటి మిషన్ దేశం మొత్తమ్మీద ఒక్కటీ లేదు. దాన్ని భారీ ‘ప్రాంతీయ కాసినో’లో మాత్రమే పెట్టాలి. అలాంటి కాసినో ఒక్కటే కట్టాలనుకున్నారు. దానికోసం గట్టిగా పోటీపడిన ఊళ్ళలో పిల్లల ఊరుగా పేరుపడ్డ బ్లాక్‌పూల్ ఒకటి! విమానం టికెట్లు చౌకయ్యాక బ్రిటిష్ కుటుంబాలు సెలవులకి స్పెయిన్ బీచ్‌లకి ఎగిరిపోవడం మొదలుపెట్టాయి, సొంత తీరంలోని పట్టణాలు చిక్కిపోయాయి. కాసినో వస్తే ఊరు కోలుకుంటుందని బ్లాక్‌పూల్ ఆశ. 2007 జనవరిలో సలహా సంఘం మాత్రం మాంచెస్టర్ పేరు చెప్పింది. మార్చిలో హౌస్ ఆఫ్ లార్డ్స్ ఆ ప్రతిపాదనకి అడ్డం తిరిగింది. ఆ తర్వాత గోర్డన్ బ్రౌన్ ప్రభుత్వం ఆలోచననే అటకెక్కించింది. ఎ తరగతి మాత్రం చట్టంలో అలాగే మిగిలిపోయింది, ఇల్లు లేని ఇంటిపేరులా.

కుటుంబాలకి సంబంధించినది అట్టడుగున ఉన్న డి తరగతి. ఇందులో రకాలున్నాయి. చక్రాలు తిరిగే రీలు మిషన్‌లో పది పెన్నీలు పెడితే గరిష్ఠంగా అయిదు పౌండ్ల నగదు రావచ్చు. కాయిన్ పుషర్‌లో ఇరవై పెన్నీల దాకా పెట్టొచ్చు, ఇరవై పౌండ్ల దాకా గెలవొచ్చు, అందులో నగదు పది పౌండ్లు మించకూడదు. బొమ్మలు పట్టే క్రేన్ మిషన్‌లో అయితే ఒక పౌండు పెట్టి యాభై పౌండ్ల విలువైన వస్తువు దాకా పట్టుకోవచ్చు. ఈ మూడూ పిల్లలకి చట్టబద్ధమే.

దీని పైమెట్టు సి తరగతి. పందెం ఒక పౌండు, బహుమతి వంద పౌండ్లు, పద్దెనిమిదేళ్ళు నిండినవాళ్ళకే.

ఈ అంకెలు పక్కపక్కన పెట్టుకుని చూస్తే చట్టం చేసినవాళ్ళ మనసు అర్థమవుతుంది. వాళ్ళు డబ్బును కొలిచారు. చిన్న పందెం, చిన్న బహుమతి, కాబట్టి చిన్న ప్రమాదం. పైకి సబబుగానే ఉంది. చిక్కంతా రీలు మిషన్ దగ్గర వచ్చింది.

పది పెన్నీల పాఠం

పది పెన్నీల రీలు మిషన్‌లో చెర్రీ పళ్ళు, నిమ్మకాయలు, గంటలు గిర్రున తిరుగుతాయి. రెండు చెర్రీలు వరసలో ఆగుతాయి. మూడోది ఆగినట్టే ఆగి ఒక్క గడి కిందికి జారుతుంది. దీపాలు వెలుగుతాయి, సంగీతం మోగుతుంది. ఓడిపోయినా దాదాపు గెలిచినట్టే అనిపిస్తుంది. ఇప్పుడు కాసినోలోని పెద్దల మిషన్ ముందు నిలబడండి. అదే గిర్రు, అదే జారుడు, అవే దీపాలు. అంకె మారిందంతే. తొమ్మిదేళ్ళ పిల్లవాడు పది పెన్నీలతో నేర్చుకునేది, ఇరవై తొమ్మిదేళ్ళప్పుడు జీతమంతా పోసే మిషన్‌ను ఎలా వాడాలన్నదే.

ఇది ఇప్పుడు కొత్తగా కనిపెట్టిన సంగతేమీ కాదు. నాటింగ్‌హామ్ ట్రెంట్ యూనివర్సిటీ మనస్తత్వవేత్త మార్క్ గ్రిఫిత్స్ 1980ల చివరి నుంచీ ఫ్రూట్ మిషన్లనే ఈ రీలు మిషన్లకి అలవాటుపడిన కౌమారవయసు పిల్లల గురించి రాస్తూనే ఉన్నారు. ‘కొద్దిలో తప్పిపోయింది’ అనిపించడమే మళ్ళీ నాణెం వేయిస్తుందని ఆయన అప్పట్నుంచీ చెబుతున్నారు. అయినా బ్రిటన్‌లో రీలు మిషన్ పిల్లలకి చట్టబద్ధంగానే ఉండిపోయింది. అభివృద్ధి చెందిన దేశాల్లో ఇలా నగదు ఇచ్చే స్లాట్ తరహా మిషన్‌ను పిల్లలకి వదిలేసిన దేశం చాలా అరుదు. కారణం అడిగితే వచ్చే జవాబు: సంప్రదాయం. తాతల కాలం నుంచీ సముద్రపొడ్డున ఉన్నదే కదా! ‘మా ఊళ్ళో ఎప్పుడూ ఇంతే’ అనేది ఏ దేశంలోనైనా చట్టం కన్నా బలమైన వాదనే.

మార్పు చివరికి వ్యాపారం వైపు నుంచే మొదలైంది. ఆర్కేడ్ యజమానుల సంఘం బాక్టా 2021లో తన సభ్యులకి ఓ నియమం పెట్టింది. నగదు ఇచ్చే డి తరగతి రీలు మిషన్లను పద్దెనిమిదేళ్ళలోపు వాళ్ళతో ఆడించకూడదని. నేషనల్ లాటరీ కనీస వయసును ప్రభుత్వం పదహారు నుంచి పద్దెనిమిదికి పెంచింది కూడా ఆ ఏడాదే. గాలి ఎటు వీస్తోందో వ్యాపారులు గ్రహించారు. బయటివాళ్ళొచ్చి కొట్టేలోపు మనమే ఒక కొమ్మ నరుక్కుంటే చెట్టు మిగులుతుందన్నది వాళ్ళ లెక్క. ఆ లెక్క ఫలించింది కూడా. 2023 ఏప్రిల్‌లో ప్రభుత్వం విడుదల చేసిన గ్యాంబ్లింగ్ శ్వేతపత్రం రీలు మిషన్లను పిల్లలకి చట్టపరంగానే నిషేధిస్తామంది. కాయిన్ పుషర్ల జోలికీ, క్రేన్ల జోలికీ మాత్రం పోలేదు.

నా మటుకు ఇది సరైన కోతే. ఇన్నాళ్ళూ డబ్బు సైజు కొలిచిన చేతులు మొదటిసారి మిషన్ పనితీరును చూశాయి. ‘పది పెన్నీలే కదా’ అనే మాటకి విలువ తగ్గింది. అయితే శ్వేతపత్రంలో ఒక మెలిక ఉంది. చట్టసవరణ ‘పార్లమెంటుకి సమయం దొరికినప్పుడు’ అన్నారు. 2024లో ఆ ప్రభుత్వమే దిగిపోయింది. సంఘం నియమమా, అది సభ్యులకే. సంఘంలో లేని యజమానిని ఎవరూ ఏమీ అడగలేరు.

క్రేన్ మిషన్ సంగతి వేరే చెప్పుకోవాలి. పిల్లల్ని ఎక్కువ ఏడిపించేది అదే. గాజు గదిలో మెత్తటి బొమ్మల గుట్ట, పైన మూడు వేళ్ళ ఉక్కు చెయ్యి. మీట తిప్పి చేతిని సరిగ్గా బొమ్మ మీదికి తెచ్చామనుకోండి, అది దిగుతుంది, పట్టుకుంటుంది, పైకి లేపుతుంది, సగం దారిలో వదిలేస్తుంది. ‘సరిగ్గా గురిపెట్టలేదురా’ అని నాన్న అంటాడు. గురి తప్పేమీ లేకపోవచ్చు. ఇలాంటి మిషన్లలో చాలావాటిలో పట్టు బిగువును యజమాని ముందే అమర్చుకోవచ్చు. ఇన్ని ఆటలకి ఒకసారి గట్టిగా పట్టాలి, మిగతాసార్లు వదులుగా అని. పెట్టెలోకి వచ్చిన డబ్బును లెక్కేసుకుని పట్టును మార్చుకునే మిషన్లూ ఉన్నాయి. పైకి నైపుణ్యం, లోపల లాటరీ. బ్రిటిష్ చట్టం దీన్ని జూదం మిషన్ల జాబితాలో చేర్చింది అందుకే. పక్కనే ఉన్న కారు రేసు వీడియో గేమ్‌కి ఈ బాధలేవీ లేవు. డబ్బు వేస్తే ఆట వస్తుంది, ఆట అయిపోతే అంతే, గెలుచుకునేదేమీ లేదు.

అడ్డుకట్టకి అటూ ఇటూ

ఇక ఈ మిషన్లు పెట్టుకునే చోటు సంగతి. కుటుంబాలు వెళ్ళే ఆర్కేడ్‌ను చట్టం ‘ఫ్యామిలీ ఎంటర్‌టైన్‌మెంట్ సెంటర్’ అంటుంది. ఇందులో రెండు రకాలు. డి తరగతి మిషన్లు మాత్రమే పెట్టుకుంటే స్థానిక కౌన్సిల్ ఇచ్చే పర్మిట్ చాలు. పదేళ్ళు చెల్లుతుంది. పెద్దల సి తరగతి మిషన్లు కూడా కావాలంటే పూర్తిస్థాయి లైసెన్సు తీసుకోవాలి. వాటిని విడిగా, మధ్యలో అడ్డుకట్ట కట్టి, పిల్లలు దాటకుండా కనిపెట్టుకుని ఉండే మనిషిని పెట్టి నడపాలి.

పర్మిట్‌లో ఓ చిక్కు ఉంది. ఆ స్థలం పూర్తిగానో ప్రధానంగానో మిషన్ల కోసమే వాడేదై ఉండాలి. అంటే బౌలింగ్ సెంటర్ మొత్తాన్ని ఆర్కేడ్ అని చూపించి ఎక్కడపడితే అక్కడ క్రేన్లు పెడితే కుదరదు. ఫలానా మూల మాత్రమే ఆర్కేడ్ అని గీత గీసి, దానికే పర్మిట్ తీసుకోవాలి. వేపుడు చేపలమ్మే దుకాణం వాకిట్లో ఒక్క క్రేన్ మిషన్ సరదాగా పెట్టుకుందామన్నా చట్టవిరుద్ధమే. ఊరూరా తిరిగే సంతలకి మాత్రం మినహాయింపు ఉంది. పర్మిట్ లేకుండానే డి తరగతి పెట్టుకోవచ్చు. కానీ ఒకే స్థలంలో ఏడాదికి 27 రోజులు మించకూడదు.

కుటుంబాలు వెళ్ళే మరో చోటు పబ్. మనకి పబ్ అనగానే తాగుడు, డ్యాన్సులు గుర్తొస్తాయి. బ్రిటన్ పల్లెటూళ్ళలో ఆదివారం మధ్యాహ్నం పిల్లలతో సహా భోజనానికి వెళ్ళేది అక్కడికే. మద్యం లైసెన్సు ఉన్న పబ్‌కి రెండు సి లేదా డి తరగతి మిషన్లు పెట్టుకునే హక్కు దానంతటదే వస్తుంది. కౌన్సిల్‌కి తెలియజేసి చిన్న రుసుము కడితే చాలు. అడ్డుకట్ట అక్కర్లేదు, బార్ సిబ్బంది ఓ కంట కనిపెడితే సరిపోతుంది. మరి కనిపెడుతున్నారా? గ్యాంబ్లింగ్ కమిషన్ 2018లో కొన్ని పబ్బులకి పిల్లల్ని పంపి పరీక్షించింది. పెద్దల మిషన్ ఆడుతున్న పిల్లల్ని ఆపలేకపోయినవి దాదాపు 90 శాతం! అడ్డుకట్టలూ కాపలా మనుషులూ పెట్టుకుని ఏటా ఫీజులు కట్టే ఆర్కేడ్ యజమానికి ఇది చూస్తే కడుపు మండదూ? చట్టం కఠినంగా ఉన్నచోట జనం జాగ్రత్తగా ఉన్నారు. వదులుగా ఉన్నచోట పిల్లలు పెద్దల మిషన్ దగ్గరికే వెళ్ళారు.

ఆర్కేడ్ల గోడు ఇంకా ఉంది. పన్నుల దగ్గరా పందెం, బహుమతి అంకెలే చూస్తారు. 2013 నుంచి నగదు బహుమతి ఇచ్చే మిషన్ల మీద మెషీన్ గేమ్స్ డ్యూటీ వేస్తున్నారు. ఇరవై పెన్నీలలోపు పందెం, పది పౌండ్లలోపు నగదు అయితే 5 శాతం. అది దాటితే సాధారణంగా 20 శాతం. పుషర్ల అంకెలు ఆ తక్కువ పన్ను గీత దగ్గరే ఆగి ఉండటం చూస్తే, మిషన్ తయారుచేసేవాళ్ళు బిగించే ప్రతి స్క్రూ వెనకా చట్టం పుస్తకం ఉంటుందనిపిస్తుంది.

2018లో బ్రిటన్ ఆర్థికశాఖ ఒకటి, రెండు పెన్నీల నాణేల అవసరం గురించి జనాభిప్రాయం అడిగింది. దేశమంతా కార్డులు గీకుతుంటే రాగి నాణేలెందుకన్నది ప్రశ్న. ఆర్కేడ్లవాళ్ళు గగ్గోలు పెట్టారు. రెండు పెన్నీల నాణెం పోతే రెండు పెన్నీల పుషర్ పోతుంది. అదే పోతే చేతిలో రెండు పౌండ్లతో పిల్లవాడు అరగంట గడిపే చోటే ఉండదు. 2019లో ప్రభుత్వం ఆ నాణేలను ఉంచుతామంది. జూదం చట్టంతో ఏ సంబంధమూ లేని ఒక ఆర్థికశాఖ ప్రశ్న సముద్రతీరాన్ని ఇంతగా హడలగొట్టింది.

ఎవరి కోపం ఎవరి మీద

బ్రిటన్‌లో జూదం మిషన్ల మీద పెద్ద రగడ జరిగింది నిజానికి ఆర్కేడ్ల గురించి కాదు. బెట్టింగ్ షాపుల్లో ఉండే ఎఫ్ఓబీటీల (ఫిక్స్‌డ్ ఆడ్స్ బెట్టింగ్ టెర్మినల్స్) గురించి. అప్పట్లో వాటిలో ఒక్కో పందెం వంద పౌండ్ల దాకా పెట్టగలిగేవారు. ఇరవై సెకన్లకో ఆట. ఇళ్ళు గుల్లవుతున్నాయని ఏళ్ళ తరబడి ఉద్యమం నడిచింది. పరిమితిని రెండు పౌండ్లకి తగ్గిస్తామని చెప్పి ప్రభుత్వం తేదీ వాయిదా వేస్తే, 2018 నవంబరులో క్రీడల మంత్రి ట్రేసీ క్రౌచ్ పదవికి రాజీనామా చేశారు. చివరికి 2019 ఏప్రిల్ 1 నుంచి అది అమలైంది. వంద పౌండ్ల మిషన్ మీద జనంలో పుట్టిన ఆ కోపం రెండు పెన్నీల పెట్టె దాకా రాకుండా ఆగడానికి కారణం, చట్టంలో తరగతులు విడివిడిగా ఉండటమే.

తరగతులు లేకపోతే ఏమవుతుందో అమెరికాలో ఫ్లోరిడా చూపించింది. అక్కడ ‘ఇంటర్నెట్ కేఫ్’ల పేరుతో వీధివీధినా చిన్న కాసినోలు వెలిశాయి. అలైడ్ వెటరన్స్ ఆఫ్ ది వరల్డ్ అనే సంస్థ మాజీ సైనికుల సేవ పేరిట వాటిని నడుపుతోందని 2013 మార్చిలో పెద్దయెత్తున అరెస్టులు జరిగాయి. గతంలో ఆ సంస్థకి ప్రచార సలహాలిచ్చిన లెఫ్టినెంట్ గవర్నర్ జెనిఫర్ కారల్ రాజీనామా చేశారు. ఆమె మీద కేసేమీ పెట్టలేదు. శాసనసభ ఆగమేఘాల మీద చట్టం చేసింది. ఏప్రిల్‌లోనే గవర్నర్ రిక్ స్కాట్ సంతకం పెట్టేశారు.

ఆ తొందరలో రాసిన మాటల వల్ల కేఫ్‌లతోపాటు పిల్లల పుట్టినరోజు పార్టీలు జరిగే చోట్లూ ఇరుకునపడ్డాయి. బంతి విసిరి టికెట్లు గెలుచుకుని, వాటితో పెన్సిల్ పెట్టె కొనుక్కునే ఆటలకి అక్కడ పాత చట్టంలో ఓ మినహాయింపు ఉండేది. దాన్ని జనం ‘చక్ ఈ చీజ్ మినహాయింపు’ అనేవారు, ఆ పిల్లల పిజ్జా హోటళ్ళ పేరు మీదుగా. కొత్త చట్టం తర్వాత ఆ మినహాయింపు నాణెం వేసి ఆడే ఆటలకే వర్తించింది. అప్పటికే చాలాచోట్ల నాణేలు పోయి కార్డులొచ్చేశాయి. అంటే కార్డు గీకి బంతి విసిరే పిల్ల ఆడేది, అక్షరాలా చదివితే, నిషిద్ధ జూదం! దీన్ని సర్దడానికి మరో రెండేళ్ళు పట్టింది. 2015లో ‘ఫ్యామిలీ అమ్యూజ్‌మెంట్ గేమ్స్ యాక్ట్’ అని విడిగా చట్టమే చేయాల్సి వచ్చింది.

న్యూయార్క్‌లో అయితే రెండేళ్ళతో పోలేదు. మేయర్ ఫియొరెల్లో లా గార్డియా పిన్‌బాల్ మిషన్లు పిల్లల జేబుల్ని కొల్లగొడుతున్నాయని 1942లో నిషేధించాడు. సమ్మెట పట్టుకుని ఫొటోగ్రాఫర్ల ముందు తానే పగలగొట్టాడు. అప్పటికి ఆయన మాటలో నిజం లేకపోలేదు. బంతి వదిలాక ఆటగాడు చేయగలిగింది పెద్దగా ఉండేది కాదు. అయిదేళ్ళ తర్వాత, 1947లో ఫ్లిప్పర్లు వచ్చాయి. బంతిని కొట్టి తిప్పే ఆ చిన్న తెడ్లతో ఆట స్వభావమే మారిపోయింది. చట్టం మాత్రం మారలేదు. 1976లో రోజర్ షార్ప్ అనే యువకుడు నగర కౌన్సిల్ సభ్యుల ముందు మిషన్ ఆడి, బంతి ఎటు పోతుందో ముందే చెప్పి అటే పంపించాక గానీ నిషేధం ఎత్తలేదు. మిషన్ ఎప్పుడో బాగుపడింది. ఆ సంగతి కౌన్సిల్‌కి తెలియడానికి దాదాపు ముప్ఫై ఏళ్ళు పట్టింది.

జపాన్‌వాళ్ళ పద్ధతి ఇంకోలా ఉంటుంది. క్రేన్ మిషన్ బొమ్మ విలువ ఎంతుండాలో అక్కడ చూసేది పోలీసుశాఖ. 800 యెన్లుగా ఉన్న గీతను 2022లో వెయ్యికి పెంచారు. పిల్లలు సాయంత్రం ఎన్నింటిదాకా గేమ్ సెంటర్లో ఉండొచ్చో కూడా నియమమే.

ఇక మన ఊళ్ళో

మనకి పందెం కొత్తేమీ కాదు. సంక్రాంతికి గోదావరి జిల్లాల్లో కోడిపందేల బరుల పక్కన గుండాట బల్లలు వెలుస్తాయి. పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకుని తిరునాళ్ళలాగే వెళ్తారు జనం. జాతరలో రింగు విసిరి సబ్బుపెట్టె గెలుచుకోవడం, తుపాకీతో బెలూన్లు పేల్చడం అందరూ ఎరిగినవే. వీటిలో ఏది జూదం, ఏది వినోదం అని ఎవరూ విడమర్చలేదు. పోలీసులొస్తే గుండాట బల్ల మడుస్తారు, రింగులవాడు మడవడు. అదే మన వర్గీకరణ.

చట్టం వైపు చూస్తే, 1867 నాటి పబ్లిక్ గ్యాంబ్లింగ్ చట్టం నుంచీ మనది ఒకటే ప్రశ్న: ఇది నైపుణ్యమా, అదృష్టమా? ఆ ప్రశ్నకి ప్రసిద్ధమైన జవాబుల్లో ఒకటి మన సికింద్రాబాద్ నుంచే వచ్చింది. క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్ కేసులో 1968లో సుప్రీంకోర్టు రమ్మీలో నైపుణ్యమే ఎక్కువంది. ఇక మిషన్ల విషయంలో ముఖ్యమైన తీర్పు 1995 నాటిది. కర్ణాటకలోని వీడియో గేమ్ పార్లర్ల యజమానులు తమకి లైసెన్సు అక్కర్లేదని సుప్రీంకోర్టుకి వెళ్ళారు. ఎం.జె. శివాని కేసుగా పేరుపడ్డ ఆ వ్యాజ్యంలో కోర్టు లైసెన్సు నియమాలను సమర్థించింది. ఆటగాడి చేతిలో మీట ఉన్నంతమాత్రాన అది నైపుణ్యం కాదనీ, యజమాని మిషన్‌ను తనకి అనుకూలంగా మార్చుకోగలడనీ గమనించింది. బ్రిటిష్ క్రేన్ మిషన్ గురించి చెప్పుకున్నదీ అదే.

ఆ తర్వాత మన దృష్టంతా ఫోన్ మీదికి మళ్ళింది. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ తమ 1974 నాటి గేమింగ్ చట్టాలను సవరించి ఆన్‌లైన్ పందేలను నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు నైపుణ్యం, అదృష్టం అన్న తేడా లేకుండా డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధించే చట్టం చేసింది. నైపుణ్యం అనే గొడుగు కింద ఎంతమంది దాక్కున్నారో చూశాక అది అనివార్యమేనేమో. అయితే ఈ ధ్యాసలో, మాల్ మూడో అంతస్తులో తిరుగుతున్న మిషన్‌ను ఎవరూ పట్టించుకోలేదు. మన రెండు రాష్ట్రాల గేమింగ్ చట్టాల్లో మిషన్లకి తరగతులు లేవు. క్రేన్ మిషన్‌లో పిల్లవాడు ఒక్క ఆటకి ఎంత పెట్టొచ్చు, బొమ్మ విలువ ఎంతుండాలి, పట్టు బిగువు ఎవరు పరీక్షించాలి అన్న నియమాలు వాటిలో కనిపించవు. పిల్లల ఆట అని మురిసిపోయి వదిలేశారు. రేపు ఎక్కడో ఏదో రచ్చ జరిగితే ఫ్లోరిడాలోలాగే ఒక్క రాత్రిలో అన్నిటినీ కలిపి మూయించే ప్రమాదమూ ఇందులోనే ఉంది. అప్పుడు బౌలింగ్, కారు రేసు, ట్రాంపొలీన్ పెట్టుకుని నిజాయితీగా నడుపుకునేవాళ్ళూ రోడ్డునపడతారు.

హైదరాబాద్, విశాఖ, విజయవాడ మాల్స్‌లోని గేమ్ జోన్‌లో కాసేపు నిలబడితే టికెట్ల మిషన్లే ఎక్కువ కనిపిస్తాయి. నాణెం లేదు, ప్లాస్టిక్ కప్పు లేదు. కౌంటర్లో కార్డు మీద డబ్బు వేయించుకుని మిషన్ మిషన్‌కీ గీకడమే. గెలిచిన టికెట్లు కూడా కార్డులోనే చేరతాయి. ఒక్కో ఆట ఖరీదు కొన్నిచోట్ల రూపాయల్లో కాక పాయింట్లలో రాసి ఉంటుంది. ఎనిమిదేళ్ళ పిల్లకి ఎంత ఖర్చయిందో తెలియదు సరే, పక్కన నిలబడ్డ అమ్మకీ తెలియదు.

బ్రిటన్‌లో జూదం మిషన్ మీద నేరుగా డెబిట్ కార్డు గీకడం చట్టం ఒప్పుకోదు. జనం జేబుల్లో చిల్లరే లేకుండాపోయింది, ఆ నిషేధం ఎత్తేయండి అని ఆర్కేడ్లు అడుగుతున్నాయి. 2023 శ్వేతపత్రం తగిన రక్షణలతో దానికి సానుకూలంగానే ఉంది. నాకు మాత్రం ఆ మొత్తం శ్వేతపత్రంలో తొందరపడకుండా ఉండాల్సిన విషయం ఇదొక్కటే అనిపిస్తుంది. కప్పు ఖాళీ అయిపోవడమే పిల్లవాడికి ఉన్న ఏకైక బ్రేకు. చిల్లర అయిపోతే నాన్న దగ్గరికి వెళ్ళి చేయి చాపాలి, నాన్న చిల్లర మిషన్ దాకా నడవాలి, ఈలోగా ఎవరో ఒకరు ‘చాల్లే పద’ అంటారు. ఏ తరగతి పట్టికలోనూ ఆ నడక గురించి రాయలేదు. మన గేమ్ జోన్లలో కార్డు అయిపోతే రీఛార్జ్ కౌంటర్ పక్కనే ఉంటుంది. కొన్నిచోట్ల ఫోన్‌లోనే అయిపోతుంది.